నడిమి పదహారు పేజీలు

మా తెలుగు సారు పోయారు. మాదన్నపేట మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే కూరలమ్మే ముసలమ్మ చెప్పింది. "మీ పంతులు సారు పొద్దుగాల పోయిండు బిడ్డా, నీకెరుకలేదా?" అంది. ఏరిన వంకాయలు గంపలోనే వదిలేసి ఆయన ఇంటికి పరుగెత్తాను. నేను చేరేసరికి వాకిలి నిండా జనం. అందరికంటే ముందు, అరుగు మీద, తెల్ల పంచె నలగకుండా కూర్చుని వచ్చినవాళ్ళను ఓదారుస్తున్న మనిషి మా పెద్దబాపు, అంటే మా బాపుకు స్వయానా అన్న. ఆయన్ను అక్కడ చూడగానే నా ఏడుపు ఆగిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

సారును తలుచుకుంటూ నాలుగు మాటలు శాంతంగా రాద్దామనే కూర్చున్నాను. రావడం లేదు. ఇంటి పెద్దలను నలుగురిలో అనకూడదంటారు. అంటాను. సారుకు కోపమంటే ఇష్టం. నవల చదివి ఎవరి మీదా కోపం రాని పిల్లలను ఆయన నమ్మేవారు కాదు. "చదివినవా, పేజీలు తిప్పినవా?" అని అడిగేవారు.

ఆయన సొంత చదువంతా ఉర్దూలోనే సాగింది. తెలుగు ఇంట్లో, అమ్మ దగ్గర నేర్చుకున్నారట. మా బడికి తెలుగు చెప్పడానికి వచ్చినప్పుడు పాత షేర్వాణీ వేసుకుని వచ్చారు. అది మోచేతుల దగ్గర పలచబడినా మానలేదు. మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆదివారాలు మొదలుపెట్టారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన ఇంటి ముందు గదిలో ఈతచాపలు పరిచేవారు. ఒకవైపు మగపిల్లలు, ఒకవైపు ఆడపిల్లలు. సారు భార్య పెద్ద పళ్ళెంలో మురుమురాలు పోసి మధ్యలో పెట్టేది. వారమంతా చదివిన నవల గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాలి, అంతే పని.

నవలేమో ఒక్కటే ఉండేది. పిల్లలం గదినిండా ఉండేవాళ్ళం. అందుకని సారు కొత్త పుస్తకం తేగానే దాన్ని విప్పేసేవారు. అట్ట ఊడదీసి, కుట్టు దారం బ్లేడుతో కోసి, పదహారేసి పేజీల ఫారాలుగా విడదీసి తలా ఒకటి చేతిలో పెట్టేవారు. మొదటిసారి చూసినప్పుడు మా ప్రాణం ఉసూరుమంది. "ఏం గాదు, మళ్ళ కుడత తీయ్" అన్నారు. నిజంగానే అందరం చదివాక దబ్బనంతో మళ్ళీ కుట్టేవారు. మన ఫారం అయ్యాక పక్కవాళ్ళకిచ్చి వాళ్ళది తీసుకోవాలి. ఎవరికి ఏది ముందు దొరికితే అదే కథకు మొదలు. ఒకడికి నాయకుడి చావు ముందు వచ్చేది, పెళ్ళి తర్వాత వచ్చేది. చచ్చినవాడు మళ్ళీ పీటల మీద కూర్చున్నాడేమిటని వాడు ఇంటింటికీ తిరిగి అడిగేవాడు.

ఆదివారంనాడు 'బాగుంది' అన్న మాటకు చోటు లేదు. "బాగుంది అంటే సున్నం లేని పాన్. నమిలినా నోరు పండదు" అనేవారు. ఎందుకు బాగుందో చెప్పాలి. లేదా ఎందుకు బాగాలేదో చెప్పాలి. ఆయన మాత్రం తన అభిప్రాయం చచ్చినా చెప్పేవారు కాదు. మేం కొట్టుకునేదాకా వచ్చినప్పుడు గుప్పెడు మురుమురాలు నోట్లో పోసుకుని, "లొల్లి మంచిగున్నది, కానియ్యిండ్రి" అనేవారు. ఇంట్లో మా మాట అడిగే నాథుడు లేడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా ఆడపిల్లను అడిగేవాళ్ళు కాదు. అలాంటిది ఒక పెద్దమనిషి మాకెదురుగా కూర్చుని, నీకేమనిపించింది బిడ్డా అని అడిగి, చెప్పేదాకా ఎదురుచూసేవారు. మొదటిసారి నాకు నోరు పెగల్లేదు. రెండో ఆదివారానికి ఆపమన్నా ఆపలేదు.

మరుసటి ఏడు ఒక నవల వచ్చింది. చిన్నవయసులోనే భర్త పోయిన అమ్మాయి కథ. ఆమె తమ్ముడు వచ్చి, పట్నం తీసుకుపోయి నర్సు చదువు చదివిస్తానంటాడు. అత్తవారు పంపరు. ఒకనాటి సాయంత్రం ఆమె తమ్ముడితో కలిసి జట్కా ఎక్కి వెళ్ళిపోతుంది. అతను తమ్ముడని మొదటి ఫారంలో ఉంది. జట్కా ఎక్కడం నడిమి ఫారంలో ఉంది. ఆ నడిమి పదహారు పేజీల్లో అతన్ని పేరు పెట్టే పిలిచారు తప్ప తమ్ముడని ఎక్కడా లేదు.

నా స్నేహితురాలికి, పక్క సందులో ధాన్యం వ్యాపారి కూతురికి, ముందుగా ఆ నడిమిది దొరికింది. ఆదివారం వచ్చీరాగానే లేచి నిలబడింది. "గామెకు సిగ్గు లేదు సార్. మొగుడు పోయి ఏడాది గాలే, ఎవనితోనో జట్కా ఎక్కి పోయింది" అని దులిపేసింది. మొదటి ఫారం చదివినవాళ్ళం పడీపడీ నవ్వాం. సంగతి తెలిశాక దాని మొహం కందగడ్డయింది. సారు నవ్వలేదు. "తప్పేం లేదు బిడ్డా. మనుషులను గూడ అందరం నడిమి నుంచే సదువుతం. మొదలు ఏందని అడిగితె సాలు" అన్నారు. అది అప్పటికప్పుడు మొదటి ఫారం తీసుకుని, గోడవైపు తిరిగి కూర్చుని చదివింది. చదివి, అందరి ముందూ తన మాట వెనక్కి తీసుకుంది. దానికప్పుడు పద్నాలుగేళ్ళు.

ఆ తర్వాత నడిమి ఫారం నా చేతికి వచ్చింది. తఖ్తు బల్ల మీద బడి పుస్తకాల కింద పెట్టి నీళ్ళు తేవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అది పెద్దబాపు చేతిలో ఉంది. మా వీధిలోని పఠనమందిరానికి ఆయనే పెద్ద. చదువు, సంస్కారం అంటూ ఉపన్యాసాలిచ్చే మనిషి. నిలబడే పదహారు పేజీలూ చదివారు. నా స్నేహితురాలు పడిన పొరపాటే ఆయనా పడ్డారు. నేను చెప్పాను. "ఆయన ఆమె తమ్ముడు పెద్దబాపూ, ముందటి ఫారంల ఉంటది" అన్నాను. చెంప మీద కొట్టారు. మొదటి ఫారం తెస్తానన్నాను. ఇంకో చెంప మీద కొట్టారు.

నాలుగు రోజుల్లో అంతా అయిపోయింది. పెద్దబాపు ఆ ఫారం పట్టుకుని బడి పెద్దల దగ్గరికి వెళ్ళారు. ఆడపిల్లలు సారు ఇంటి గడప తొక్కితే ఆయన నౌకరీ ఊడుతుందని వాళ్ళన్నారు. నా బడి మాన్పించారు. పరీక్ష ఏడాదిలో ఉన్నాను. సంబంధాలు చూడమని పెద్దబాపు నలుగురికి చెప్పారు. బాపు అన్నకు ఎదురు చెప్పే మనిషి కాదు. అమ్మకు ఏడ్వడం తప్ప ఇంకేం చేతనవుతుంది? నేను వంటింట్లో కూర్చుని, ఇక నా బతుకింతే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

అప్పుడు సారు చేసిన పని ఇంకెవరూ చెయ్యరు. చార్మినార్ దగ్గర బాపు బట్టల దుకాణానికి వెళ్ళారు. నన్ను బడికి పంపమని ఒక్క ముక్క కూడా అడగలేదట. గద్దె అంచున కూర్చుని, సంచిలోంచి మొదటి ఫారం తీసి, "సేటూ, మీ బిడ్డ సదివిన కత ఇది. మీరు గూడ ఇనుండ్రి" అని పైకి చదవడం మొదలుపెట్టారట. బాపుకు ఉర్దూలో లెక్కలు రాయడం వచ్చు గానీ తెలుగు చదవడం రాదు. పొమ్మనలేక విన్నారు. గిరాకీ వస్తే సారు ఆపేవారు. గిరాకీ పోతే వేలు పెట్టిన చోటినుంచి మళ్ళీ అందుకునేవారు. మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. మూడోనాడు చీరలు మడతపెట్టే పని వదిలేసి బాపు దగ్గరగా జరిగారట. ఇదంతా బాపే తర్వాత నాకు చెప్పారు.

బడి పెద్దల దగ్గర్నుంచి తిరిగి తెచ్చుకున్న నడిమి ఫారంలో, జట్కా ఎక్కే చోటికి వచ్చేసరికి దుకాణంలో పెద్దబాపు కూడా ఉన్నారు. మొహం పక్కకు తిప్పుకుని కూర్చున్నారు గానీ చెవులు ఎక్కడ పెడతారు? బాపు సారును ఆపి, "అంటె ఈ పిలగాడు ఆమెకు సొంత తమ్ముడేనా?" అన్నారట. అవునన్నారు సారు. బాపు అన్నవైపు చూశారు. పెద్దబాపు అన్న మాట బాపు మళ్ళీ మళ్ళీ చెప్పేవారు, నమ్మలేనట్టు.

"తమ్ముడైతె ఏంది? సూసెటోళ్ళకు ఎట్ల తెలుస్తది?"

ఆ మాటకు జవాబు బాపు చెప్పారు. జీవితంలో మొదటిసారి అన్నకు ఎదురు చెప్పారు. "సూసెటోళ్ళు అడగాలె గద అన్నా" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకముందే, రేపటి నుంచి దాన్ని బడికి పొమ్మని అమ్మతో అన్నారు.

నేను బడికి వెళ్ళాను. పరీక్ష ప్యాసయ్యాను. ఇప్పుడు ఇంకో బడిలో పాఠాలు చెబుతున్నాను. నా స్నేహితురాలి తండ్రి మాత్రం పెద్దబాపు మాటే పట్టుకున్నాడు. దాన్ని బడి మాన్పించి కిషన్‌బాగ్‌లో ఇచ్చాడు. పెళ్ళికి సారును పిలవలేదు. ఆదివారాలు ఆడపిల్లలకు మళ్ళీ తెరుచుకోలేదు. ఆ ముందు గదిలో ఒకవైపు చాప ఖాళీగానే ఉండేది.

సారు మీద కూడా నాకు కోపమే. ఎందుకు తలవంచారని ఒకసారి అడిగాను. "నా నౌకరీ పోతె మొగపిల్లలకు గూడ ఉండది బిడ్డా" అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదని మొహం మీదే చెప్పాను. ఎందుకు నచ్చలేదో చెప్పమన్నారు. చాలాసేపు చెప్పాను. చివరిదాకా విని, నువ్వన్నదే నిజమేమో అన్నారు. అలాంటి మనిషిని మళ్ళీ చూస్తానా?

చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, పదో రోజు దాటగానే పఠనమందిరంలో సంతాప సభ పెట్టారు. అధ్యక్షులు మా పెద్దబాపు. సారు ఫోటోకు దండ వేసి, ఆడపిల్లల చదువుకు ఆయన చేసిన సేవ అంటూ గంటసేపు మాట్లాడారు. ఆ మందిరంలోకి ఆడవాళ్ళను రానివ్వరు. సారు దగ్గర చదివిన ఆడపిల్లలం, ఇప్పుడు కొందరం తల్లులం కూడా, బయట సందులో ఎండలో నిలబడి కిటికీల్లోంచి విన్నాం. అప్పుడు చంకలో పిల్లతో నా స్నేహితురాలు పక్కకు వచ్చి నిలబడింది. పెళ్ళయ్యాక దాన్ని చూడటం అదే మొదలు. బాగున్నావా అని కూడా అడగలేదు.

"గా నవల ఆఖరి ఫారం నాకు అందలే. ఆమె నర్సయ్యిందా లేదా?" అంది.

చెప్పాను. చదువు సగంలో ఉండగా అత్తవారు జబ్బుపడితే తిరిగి వచ్చి వాళ్ళకే సేవ చేస్తూ ఉండిపోతుందని చెప్పాను. అది నన్ను ఎగాదిగా చూసింది. "గట్లెట్ల రాస్తడు? అంత దూరం పోయి మళ్ళ గాళ్ళ ఇంటికే వస్తదా? నాకు నచ్చలే" అంది. నాకు నచ్చిందన్నాను. ఎందుకో చెప్పమంది. ఇంకొకామె మా మధ్యకు వచ్చి ఇద్దరిదీ తప్పేనంది. క్షణంలో సందంతా లొల్లి అయింది. లోపలినుంచి ఎవరో వచ్చి సభ జరుగుతోంది, మెల్లగా అన్నారు. మేం వినలేదు. ఒక కిటికీ మూశారు. మా గొంతులు పెరిగాయి. రెండోది మూశారు. ఆఖరి కిటికీకి పెద్దబాపే స్వయంగా వచ్చారు. రెక్క మీద చెయ్యి వేసి నా వైపు చూశారు. నేను తల దించలేదు. ఆయన మూసేశారు.

నా స్నేహితురాలు పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, మూసిన కిటికీకి ఎదురుగా నిలబడి, ఆమె ఎందుకు తిరిగి రాకూడదో ఇంకా చెబుతూనే ఉంది. సందులో అడ్డంగా ఉన్నామని గంట కొట్టబోయిన రిక్షావాడు చెయ్యి తీసేసి, బండి గోడవారకు ఆపుకుని, దాని మాటలు వింటూ నిలబడ్డాడు.