నెస్కో మొగ దగ్గర మర్యాదల పాస్టరు

నెస్కో నది సముద్రంలో కలిసే మొగ దగ్గర జనానికి మర్యాద నేర్పమని డెల్బర్ట్ హేగెరప్‌ను ఎవరూ అడగలేదు. కౌంటీ వాళ్లు నియమించలేదు, చేపల శాఖ వాళ్లు జీతం ఇవ్వలేదు, ఊరివాళ్లు ఓట్లేసి గెలిపించలేదు. అయినా ఆయన ఆ ఉద్యోగాన్ని సెలవన్నది లేకుండా చేశాడు. అక్టోబరులో సాల్మన్ చేపలు సముద్రం విడిచి ఏట్లోకి ఎక్కే రోజుల్లో, పోర్ట్ హాలెట్ ఊరి చివర ఇసుక మేట మీద నలభై యాభై మంది భుజాలు రాసుకుంటూ గాలాలు వేస్తారు. తెల్లవారుతూనే వాళ్ల చెవిన పడేది కెరటాల హోరు కాదు, డెల్బర్ట్ గొంతు.

రిటైరు కాకముందు ఆయన కొండదారుల్లో దుంగల లారీ నడిపాడు. ఆ లారీకి ఎదురొచ్చిన ప్రతివాడూ బండి పక్కకు తీసి దారి ఇచ్చేవాడు. అది వెనకున్న దుంగల బరువుకు భయపడి అని డెల్బర్ట్‌కు ఏనాడూ తట్టలేదు. తన మీద గౌరవమనే అనుకున్నాడు. లారీ పోయింది గానీ గౌరవం పుచ్చుకునే అలవాటు పోలేదు. మొదట్లో ఇంట్లోనే సరిపెట్టుకుందామని చూశాడు. ఉప్పు సీసా మూత ఎటు తిప్పాలో, తువ్వాలు ఎలా మడవాలో భార్య నడీన్‌కు నేర్పబోయాడు. ఆమె నెల రోజులు ఓపిక పట్టి, పుట్టినరోజు కానుకగా కొత్త గాలపు కర్ర కొనిపెట్టి, "ఏటికి పో డెల్, అక్కడ గాలి బాగుంటుంది" అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గాలి బాగుపడింది.

ఆయన చెప్పే పద్ధతులు చెడ్డవేమీ కావు. అందరూ గాలం తిన్నగా ఎదురుగానే విసరాలి, పక్కవాడి దారం మీదుగా కాదు. ఎవరికైనా చేప తగిలి "పడింది!" అని కేకేస్తే, అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ దారాలు చుట్టేసుకోవాలి. ఆ అదృష్టవంతుడు చేప వెంట ఒడ్డున నడిచి, దాన్ని బయటికి లాగి తిరిగి వచ్చేదాకా అతని చోటు అతనిదే. అడక్కుండా పరాయివాడి చేపకు వల పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, గాలం నోట్లో కాక ఒంటి మీద ఇంకెక్కడ గుచ్చుకున్నా ఆ చేప నీది కాదు, వదిలెయ్యాలి. ఇది చట్టం కూడా. ఇందులో కాదనడానికి ఏముంది? చిక్కల్లా చెప్పే తీరులోనే.

"చూడు బాబూ, దయచేసి ఏమీ అనుకోకు. నీకు కళ్లున్నాయా?" అని మొదలుపెట్టేవాడు. 'దయచేసి' ఉంది గనక అది మర్యాద కిందే జమ. ఇలా రోజూ వాక్యం చెబుతున్నాడని జనం ఆయనకు 'పాస్టరు' అని పేరు పెట్టారు. తన పెళ్లి అయిన రోజు తర్వాత ఆయన చర్చి గడప తొక్కలేదు గానీ ఆ పిలుపు మాత్రం ఇష్టంగానే పుచ్చుకున్నాడు.

ఏళ్ల తరబడి ఆయనకు ఎడంపక్కన నిలబడింది వెండెల్ ప్రూయిట్, రంపపు మిల్లులో పనిచేసి చెవులు సగం పోగొట్టుకున్నవాడు. ఆ స్నేహం అంతకాలం నిలవడానికి ఆ సగం చెవులే కారణమని ఊళ్లో అనుకునేవారు.

ఆ ఏడు చేపలు బాగా వచ్చాయి. ఒకరోజు పొగమంచు ఇంకా విడవకముందే, డెల్బర్ట్ కుడిపక్కన ఉన్న కాస్త సందు దగ్గరికి ఒక ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, ముతక ఉన్ని టోపీ, అతుకులేసిన రబ్బరు బూట్లు. పేరు లోర్నా క్విగ్, ఎగువ లోయలో ఏదో ఊరి నుంచి వచ్చింది.

"ఇక్కడ నిలబడితే మీకేమైనా ఇబ్బందా అండీ?" అని అడిగింది.

అలా అడగడమే మర్యాద. కాబట్టి డెల్బర్ట్‌కు నచ్చాలి. నచ్చలేదు. అడగకుండా నిలబడి ఉంటే బాగా చివాట్లు పెట్టేవాడు, ఆ అవకాశం పోయింది. అందుకని వాక్యం మొదటి నుంచీ అందుకున్నాడు. దారానికి కట్టే సీసపు గుండు ఎంత బరువుండాలి, చెయ్యి ఎంత ఎత్తు లేవాలి, ప్రవాహం దారాన్ని ఎటు తీసుకెళుతుంది, బయటి ఊళ్లవాళ్ల వల్ల ఈ ఏరు ఎలా నాశనమవుతోంది. లోర్నా వింటూనే ఎర గుచ్చింది, గాలం తిన్నగా విసిరింది, ఫ్లాస్కులో కాఫీ కూడా తాగేసింది.

"వింటున్నావా అమ్మాయ్?"

"వింటున్నా, మీరు కానివ్వండి. నేను స్కూలు బస్సు నడుపుతాను. పొద్దున్నే అరుపులు లేకపోతే నాకు తోచదు."

వెండెల్ సగం చెవులకు ఆ మాట స్పష్టంగా వినబడింది. అతని నోట్లోని కాఫీ ఇసుక మీద పడింది.

కాసేపటికి లోర్నా కర్ర వంగింది. "పడింది!" అని కేక వేసింది. నీళ్లలోంచి వెండిలా తళుక్కుమని స్టీల్‌హెడ్ జాతి చేప ఒకటి ఎగిరింది. వెండెల్ దారం చుట్టేశాడు, అవతలివాళ్లూ చుట్టేశారు. డెల్బర్ట్ మాత్రం చుట్టలేదు. చేప గిర్రున తిరిగి, ఆమె దారాన్ని ఆయన దారానికి రెండు చుట్లు చుట్టి, మూడో ఎగురుకు గాలం విదిలించుకుని పోయింది.

"ఒరే డెల్, నీ గాలం నీళ్లలోనే ఉంది కదరా!" అన్నాడు వెండెల్.

"అప్పుడే అడుగుకు చేరింది. చేరింతర్వాత లాగడం దండగ."

"మరి చుట్టెయ్యాలని చెప్పేది నువ్వే కదా?"

"అది సాల్మన్‌కు. స్టీల్‌హెడ్‌కు అంత హంగామా దేనికి?" అని, డెల్బర్ట్ లోర్నా వైపు తిరిగాడు. "దయచేసి ఏమీ అనుకోకమ్మా, నువ్వు కర్ర పట్టిన వాటమే తప్పు."

లోర్నా ఇసుక మీద కూర్చుంది. చిక్కుపడ్డ రెండు దారాలనూ ఒళ్లో పెట్టుకుని, ఆయనది ముందు విడదీసి ఇచ్చి, తర్వాత తనది విడదీసుకుంది. డెల్బర్ట్ తనది సరిగ్గా విడిందో లేదో పరీక్షగా చూసుకున్నాడు.

సముద్రం పోటు తిరిగింది. చేపలు గుంపులుగా లోపలికి ఎక్కే వేళ అదే. మేట మీద మాటలు ఆగిపోయాయి. అప్పుడు డెల్బర్ట్ కర్ర నీటిని ముద్దెట్టుకునేంతగా వంగింది.

"పడింది! తప్పుకోండి! తప్పుకోండి!"

అందరూ చుట్టేశారు. స్టీల్‌హెడ్‌కు చుట్టడం దండగ అని విన్నవాళ్లు కూడా, అది ఏ చేపో తెలియకముందే, చుట్టేశారు. చేప సముద్రం వైపు పరుగు తీసింది. డెల్బర్ట్ దాని వెంట మేట పొడవునా నడిచాడు. ఒక్కొక్కరినీ దాటుతూ "వంగు, వంగు. నువ్వు వెనక్కి. ఆ బకెట్టు ఎవరిది, మీ నాన్నదా ఈ ఒడ్డు?" అని పాఠం చెబుతూనే ఉన్నాడు. కానీ పాతిక అడుగులు వేశాక ఆయన గొంతు తగ్గింది.

నోట్లో గాలం పడ్డ చేప తల విదిలిస్తుంది. ఆ కుదుపు కర్ర గుండా చేతికి తెలుస్తుంది. ఈ చేప విదిలించడం లేదు. బండరాయిలా పక్కకు ఈడ్చుకుపోతోంది. దాని అర్థమేమిటో డెల్బర్ట్‌కు తెలుసు. కిందటి వారమే ఎవరో ప్లంబరుకు ఇదే సంగతి చెప్పి, అందరి ఎదుటా అతని చేత దారం కోయించాడు.

ఇప్పుడు కత్తి తన జేబులోనే ఉంది. చెయ్యి అటు పోలేదు.

దానికో కారణం ఉంది. రెండేళ్లుగా ఆయనకు ఒక్క సాల్మన్ కూడా పడలేదు. ఇతరుల గాలాలు చూడటంలో తన గాలం చూసుకునే తీరిక దొరకలేదు. ఇంటికెళితే 'పడిందా' అని నడీన్ అడగడం మానేసింది. వెండెల్‌కు ఆ సంగతి తెలుసు గానీ ఏనాడూ ఎత్తలేదు. ఇప్పుడు దారం చివర ఉన్నది జీవితంలో ఎప్పుడూ తగలనంత పెద్దది.

"తోకలో గుచ్చుకుందిరా," వెండెల్ వెనకాలే వచ్చి మెల్లిగా చెప్పాడు. "తెంపెయ్."

"నోట్లోనే ఉంది."

"నీకెలా కనబడింది?"

"నాకు తెలుసులే, నువ్వు అవతలికి పో!"

పోటు వేళ గడిచిపోతోంది. మేట మీద నలభై మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ల కళ్ల ముందే సాల్మన్లు వీపులు చూపిస్తూ, గాలమన్నదే లేని ఏట్లోకి దర్జాగా ఎక్కిపోతున్నాయి. అటు నీళ్లలో చేపను లాక్కుపోదామని ఒక సముద్ర సింహం తల పైకెత్తి, ఈ పెద్దమనిషి ఎప్పుడు అలిసిపోతాడా అని చూస్తోంది. ఎవరూ దారం వెయ్యలేదు. పాస్టరు చెప్పిన వాక్యాన్ని అంత శ్రద్ధగా పాటించిన రోజు అంతకుముందు లేదు.

చివరికి చేప అలిసి లోతు తక్కువ నీళ్లలోకి వచ్చింది. డెల్బర్ట్ వల చూస్తే తన చోటు దగ్గరే ఉండిపోయింది. చుట్టూ డజను వలలున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

"చూస్తారేంటర్రా! వల పెట్టండి!"

"అడుగుతున్నారా, ఆర్డరేస్తున్నారా?" లోర్నా గొంతు. "అడక్కుండా పెట్టకూడదని పొద్దున్నే నేర్చుకున్నాను."

డెల్బర్ట్ ఆమె వైపు చూశాడు. "దయచేసి," అన్నాడు. ఆ మాట తర్వాత తిట్టు రాకపోవడం ఆ మేట మీద అదే మొదటిసారి.

ఆమె మోకాళ్ల లోతులోకి దిగి వల పెట్టింది. చేప అందులో పూర్తిగా పట్టలేదు. మెరిసే వెండి ఒళ్లు, సముద్రం వాసన ఇంకా పోలేదు. డెల్బర్ట్ చటుక్కున జనానికి వీపు తిప్పి, అడ్డంగా వంగి, తోక మొదట్లో దిగిన గాలాన్ని బొటనవేలితో కప్పి, ఊడబెరకబోయాడు. ఒడ్డున ఉన్నవాళ్ల కళ్లకు అడ్డుపడ్డాడు గానీ, వల పట్టుకున్న మనిషి ఎదురుగానే ఉందని మరిచిపోయాడు.

"పెద్దాయనా," లోర్నా అరవలేదు, మామూలుగానే అడిగింది. "ఈ జాతికి నోరు వెనకుంటుందా?"

బస్సు చివరి సీటు దాకా వినబడేలా మాట్లాడటం ఆమెకు అలవాటు. మేట ఒక కొస నుంచి ఇంకో కొసకు నవ్వు పాకింది. కిందటి వారం దారం కోసుకున్న ప్లంబరు ఆ జనంలోనే ఉన్నాడు. అతను నవ్వుతూ ఇసుకలో కూర్చుండిపోయాడు.

డెల్బర్ట్ వేలు తీశాడు. ఎవరి మొహమూ చూడలేదు. గాలం విడదీసి, వల కిందికి వంచి, చేపను ప్రవాహానికి ఎదురుగా రెండు చేతులతో పట్టుకుని నీళ్లలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. అలిసిన చేప మొప్పలు మెల్లిగా ఆడాయి. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు, అవసరమైనదానికంటే ఎక్కువసేపే. తర్వాత అది తోకతో ఒక్క దెబ్బ కొట్టి, ఆయన మొహం నిండా నీళ్లు చిమ్మి వెళ్లిపోయింది. ఆ తడిలో కంటినీరు ఎంతో ఎవరూ అడగలేదు. అంతమాత్రం మర్యాద వాళ్లకూ ఉంది.

తిరిగి వస్తే ఆయన చోట్లో ఎవరో కొత్త మనిషి గాలం వేసుకుంటున్నాడు. చేప కోసం వెళ్లినవాడి చోటు తీసుకోకూడదు, నిజమే. అయితే తనది కాని చేప కోసం వెళ్లినవాడి సంగతేమిటో వాక్యంలో లేదు. డెల్బర్ట్ నోరు తెరిచాడు. అందరూ ఎదురుచూశారు. నోరు మూసుకుని, కర్ర భుజాన వేసుకుని, తన పికప్ ట్రక్కు వైపు నడిచాడు.

వారం రోజులు ఏటి వైపు పోలేదు. సూపర్‌మార్కెట్టులో బండి ఎటువైపు తొయ్యాలో, గుడ్డు ఎక్కడ పగలగొట్టాలో నడీన్‌కు తెలిసొచ్చింది. ఆమె దేవుణ్ణి ప్రార్థించిందో, ఫోనే చేసిందో గానీ, ఒక మధ్యాహ్నం వెండెల్ వచ్చాడు.

"రారా ఏటికి."

"నవ్వడానికి మనుషులు తక్కువయ్యారా?"

"కొట్టుకుంటున్నార్రా అక్కడ. నిన్న ఇద్దరు దారాల చిక్కు దగ్గర నీళ్లలో పడి పొర్లారు. 'పాస్టరు ఇలా చెప్పాడు' అని ఒకడు, 'కాదు, అలా చెప్పాడు' అని ఇంకొకడు."

డెల్బర్ట్ నిటారుగా కూర్చున్నాడు. "ఎలా చెప్పానన్నారు?"

"ఇద్దరూ తప్పే చెప్పారు. నువ్వున్నప్పుడు ఎవడూ వినలేదు కదా." వెండెల్ టోపీ సర్దుకున్నాడు. "నువ్వుంటే హాయిరా. నలభై మందిమీ కలిసి నిన్నొక్కణ్ణే తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఒకళ్లనొకళ్లం తిట్టుకోవాల్సి వస్తోంది."

దాన్ని డెల్బర్ట్ మెప్పు కింద తీసుకున్నాడు. మర్నాడే వెళ్లాడు. లోర్నా ఆయనను చూసి ఒక అడుగు కుడికి జరిగింది, అంతే. ఆ రోజు ఆయన వాక్యం చెప్పలేదు. మర్నాడు కొంచెం చెప్పాడు. మూడో రోజుకు గొంతు పూర్తిగా తెరుచుకుంది. అయితే ఎవరైనా "పడింది!" అంటే, అది సాల్మనైనా, స్టీల్‌హెడ్డయినా, నాచు ముద్దయినా, అందరికంటే ముందు దారం చుట్టేది డెల్బర్టే. చుట్టాక ఇంకా చుట్టనివాళ్ల కోసం చుట్టూ కళ్లు తిప్పేవాడు. దొరికితే ఆ పూట పండగే.

నవంబరు మొదటి వానల్లో ఆయనకు ఒక చిన్న సాల్మన్ పడింది, నోట్లోనే. మూరెడు కూడా లేదు. లోర్నా వల పట్టుకుని నవ్వకుండా నిలబడింది, అందుకు చాలా కష్టపడాల్సి వచ్చింది. ఆ రాత్రి నడీన్ దాన్ని వెన్నలో వేయించి, నిమ్మకాయ పిండి ఆయన ముందు పెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నడీన్ ఆ మొహాన్ని ఇష్టంగా చూస్తూ, ఇక ఏమీ అనకపోతే బాగుండునని ఆశపడింది.

"బాగుంది," అన్నాడు డెల్బర్ట్. "దయచేసి ఏమీ అనుకోకు గానీ, పెనం ఇంకాస్త కాగాల్సింది."