సున్నం కింద వరద గీత

మొన్న సాయంత్రం కూరల సంచితో బజారు నుంచి వస్తుంటే, ఒక పాత ప్రహరీగోడకి ఎవరో సున్నం వేస్తున్నారు. రంగు డబ్బాలు వచ్చాక ఆ వాసన ముక్కుకు తగిలి ఎన్నేళ్ళయిందో: తడిసిన సున్నం, కాస్త నీలిమందు, చురుక్కుమనిపించే ఆ ఘాటు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పనివాడు కుంచె ఆపి "ఎవరికోసవండీ?" అని అడిగితే, సంచి చెయ్యి మార్చుకుని వచ్చేశాను.

రాజోలు దగ్గర మా పేటలో మొదటి పెంకుటిల్లు మాది. పాలేరుతనం చేసిన మా తాతయ్య గోడలు లేపితే, మేష్టారు ఉద్యోగం వచ్చాక నాన్న పెంకు వేయించారు. ఆ ఇంటికి సున్నం ఏడాదికి ఒక్కసారే, వానలు వెనకపట్టి, మంచు మొదలయ్యే క్రిస్మస్ నెలలో. గుల్లసున్నం కాగులో వేసి నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడికేది, దగ్గరికెళితే అమ్మ కేకలేసేది. చితక్కొట్టిన మొగలి ఊడలే కుంచెలు, గోడ అడుగున ఎర్రమన్ను పట్టీ వేసే పని మాత్రం అమ్మదే, ఇంకెవరి చెయ్యీ ఆవిడకు నచ్చేది కాదు. వంటింట్లో పాకుండలు వేగుతుంటే, నాన్న అరుగు మీద కూర్చుని వెదురు బద్దలతో నక్షత్రం కట్టేవారు. సున్నం వాసనా బెల్లప్పాకం వాసనా కలిస్తేనే నాకు పండగ.

అయితే వీధి గోడ మీద ఒక్కచోట కుంచె తగలకూడదు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు గోదావరి మా పేటను ముంచేస్తే, అమ్మ నన్ను అటక మీద పడుకోబెట్టి, రొమ్ములోతు నీళ్ళలో ఒక రోజంతా నిలబడిందట. నీళ్ళు తీశాక గోడ మీద ఒండ్రు గీత మిగిలింది. అమ్మ దాన్ని చెరగనివ్వలేదు. ప్రతి ఏటా ఆ గీతకు పైనా కిందా సున్నం వేయించి, ఇంటికి ఎవరొచ్చినా కాఫీ ఇచ్చేముందే చూపించి, "ఇక్కడిదాకా వచ్చేయండి నీళ్ళు. దేవుడు మా పిల్లని కాపాడేడు," అని సాక్ష్యం చెప్పేది. చూసినవాళ్ళకే పదిసార్లు చూపిస్తుంటే నాన్న నవ్వేవారు.

నా తొమ్మిదో ఏట, జూలై వానల్లో, నాన్న సున్నం బస్తా తెచ్చారు. ఈ ఏడు క్రిస్మస్ ముందే వచ్చేస్తోందని నేను పేటంతా చాటింపు వేశాను. అమ్మ మాత్రం అరుగు మీద నులకమంచం దిగలేదు. కడుపునొప్పితో తిండి మానేసి పుల్లలా అయిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని పెద్దవాళ్ళు గుసగుసలాడుకోవడం విన్నాను గానీ, దానికీ ఈ సున్నానికీ ముడి ఉందని నాకెవరు చెబుతారు?

వానల్లో గోడకు సున్నం పూసేవాణ్ణి ఎక్కడైనా చూశారా? పొద్దున వేసింది సాయంత్రం జల్లుకి పాలలా కారిపోయేది. నాన్న మళ్ళీ వేసేవారు. విరిగిన పెంకులు మార్చారు, దడికి కొత్త కొబ్బరాకులు కట్టారు, తలుపులకు రంగు పూశారు. ఎర్రమన్ను పట్టీ ఆ ఏడు నేను వేశాను, అమ్మ మంచం మీంచే వంకరలు చెబుతుంటే. ఇల్లు పెళ్ళికూతురిలా తయారైంది. చివరికి నాన్న వరద గీత మీద కూడా కుంచె పెట్టారు. ఒక పూత కాదు, మూడు.

"నాన్నా, గీత!" అన్నాను.

"ఇల్లు కొనేవాళ్ళొస్తున్నారమ్మా. నువ్వు లోపలికెళ్ళు," అన్నారు, నావైపు చూడకుండానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. పండగా లేదు, ఇల్లూ ఉండదు, పైగా దాన్ని ముస్తాబు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మర్నాడు ఉప్పలగుప్తం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఇల్లంతా తిరిగి, గోడలు తట్టి చూసి, "ఆయ్, శుభ్రంగా ఉందండి మేష్టారూ. వరదొస్తే మునుగుద్దేటండీ?" అని అడిగారు.

"అబ్బే, గుమ్మం దాకా కూడా రాలేదండీ," అన్నారు నాన్న.

అబద్ధమాడితే అరచెయ్యి వాచేలా బెత్తంతో కొట్టే మనిషి ఆయన. నాకేమైందో, కోపమో, అమ్మను చూసి పడ్డ అలవాటో, గోడ దగ్గరికెళ్ళి గోళ్ళతో గీకాను. ఆ తేమకి సరిగా ఆరని సున్నం పెచ్చులుగా ఊడి, గీత బయటపడింది. "ఇక్కడిదాకా వచ్చేయండి నీళ్ళు. దేవుడు నన్ను కాపాడేడు," అన్నాను, అచ్చం అమ్మలాగే.

పెద్దాయన గీతనొకసారి, నాన్ననొకసారి చూసి, "వెళ్ళొస్తానండి," అని చెప్పులేసుకున్నారు. నాన్న నన్ను కొట్టలేదు. అరుగు అంచున కూర్చుని, చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచి, గోళ్ళలో సున్నం కొంగుతో తుడిచింది. "ఏడవకమ్మా. నిజవే కదా చెప్పేవు. నా వైద్యం కోసం ఇల్లమ్మొద్దని మీ నాన్నకి మొదట్నించీ చెప్తానే ఉన్నాను," అంది.

ఇల్లు ఎందుకు అమ్ముతున్నారో నాకు అప్పుడు తెలిసింది.

మేష్టారు వరద దాచిపెట్టి అమ్మబోయారన్న మాట చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. ఇంకెవరూ కొనడానికి రాలేదు. ఆసుపత్రి ప్రయాణం ఈ నెల, వచ్చే నెల అంటూ జరుగుతూ పోయి, నక్షత్రాలు కట్టే నెల రాకుండానే అమ్మ పోయింది. ఆ క్రిస్మస్‌కి మేం సున్నం వేయలేదు. జూలైలో వేసిందే, నా గోటి గీరలతో సహా, అలా ఉండిపోయింది.

రెండేళ్ళకు నాన్న ఆ ఇంటిని ఏ పూతా వేయించకుండానే అమ్మేశారు. ఈసారి కొనడానికి వచ్చినాయన్ని ముందుగా గీత దగ్గరికే తీసుకెళ్ళారు. ఇప్పుడక్కడ రెండంతస్తుల మేడ ఉంది. గుల్ల కాల్చే బట్టీలు పోయాయి, మొగలి ఊడల కుంచెలు పోయాయి, గీత సంగతి చెప్పేవాళ్ళూ పోయారు.

సమయానికి తీసుకెళితే అమ్మ బతికేదో లేదో నాకు తెలియదు. నాన్న మాత్రం బతికినన్నాళ్ళూ ఆ రోజు మాట ఎత్తలేదు. ఒక్కసారైనా తిట్టి ఉంటే, కాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని.