నీరటి తాత నీడ

ఒమాన్‌లోని నిజ్వాలో మా సైట్ పక్కన ఖర్జూర తోటలకు నీళ్లు పారే పాత కాలువ ఒకటుంది. మొన్న శుక్రవారం సెలవు కదా అని అటు పోతే, కాలువ చూసుకునే ఒమానీ ముసలాయన నేలలో పాతిన కట్టె నీడ చూసి, ఒక తోటకు నీళ్లు కట్టేసి ఇంకో తోటకు వదులుతున్నాడు. జేబులో ఫోన్ ఉన్నా ఆయన నమ్మకం నీడమీదే. నాకు మా తాతకు తాత గుర్తొచ్చాడు. ఆయనను నేనెరగను, ఆయన చెడ్డపేరును మాత్రం బాగా ఎరుగుదును.

ఆయన జగిత్యాల దగ్గర మా ఊరి చెరువుకు నీరటి. తూము తీసి ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో పంచేవాడు. ఆ ఊళ్లో గడియారమెక్కడిది? పొద్దుటెండలో నిలబడి తన నీడను తన అడుగులతోనే కొలిచేవాడట. పొద్దెక్కేకొద్దీ నీడ ఇన్ని అడుగులకు తగ్గిందంటే ఒకరి వంతు అయిపోయినట్టు. ఏళ్లకేళ్లు ఎవరూ నోరెత్తలేదు. ముసలితనంలో మాత్రం, పొద్దుటి వంతువాళ్లు తమ నీళ్లు ముందే కట్టేస్తున్నాడని పంచాయితీ పెట్టి, నీళ్ల దొంగ అని పని మాన్పించారు. ఈ కథంతా మా మేనత్త చెప్పిందే. ఎనభై దాటిన ఆమె ఇప్పటికీ వీధి నల్లా దగ్గర అందరి తర్వాతే బిందె పెడుతుంది. ఎందుకంటే, "ముందుగాల పెడితె మల్ల గదే మాటంటరు బిడ్డా" అంటుంది. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మా నీరటి తాతకు కట్టె కూడా అక్కర్లేదు, తన నీడే చాలని ముసలాయనకు వచ్చీరాని హిందీలో గొప్పలు పోయాను. ఆయన నవ్వి, చేతికర్ర ఊతంతో లేచి కట్టె పక్కన నిలబడ్డాడు. వయసులో ఉన్నప్పుడు తనదీ ఆ కట్టె ఎత్తేనట. ఇప్పుడు నడుము వంగి, ఆయన నీడ కట్టె నీడకన్నా మూరెడు పొట్టిగా పడింది. మనిషి వంగుతాడు, కట్టె వంగదు కదా అన్నాడు.

అక్కడే గట్టుమీద కూర్చుని అత్తకు ఫోన్ చేశాను. "అత్తమ్మా, నీరటి తాత చివర్ల ఎట్ల నడిచెటోడు?"

"నడుం ఒంగి, కట్టె వట్టుకొని నడిచెటోడట. ఎందుకు బిడ్డా?"

చెప్పాను. నడుము వంగితే నీడ పొట్టిదవుతుంది, పాదం మాత్రం అంతే ఉంటుంది. అందుకే వంతు ముందే అయిపోయినట్టు లెక్క తేలింది. ఆయన దొంగతనం చేయలేదు, ముసలివాడయ్యాడు, అంతే.

"మా నాయిన ఉన్నప్పుడు ఎర్కైతె మంచిగుండేది" అని అత్త ఫోన్ పెట్టేసింది. మరునాడు తనే చేసింది. "ఇయ్యాల నల్లా కాడ అందరికన్న ముందుగాల నేనే పెట్టిన బిందె."

మనిషి నడుము వంగడానికి ఒక్క జీవితం చాలు. వంగిన ఆయన పేరు నిటారుగా నిలబడడానికి మాకు ఇన్ని తరాలు పట్టింది.