నా బీకన్‌లో కనిపించిన అంకె

దయ్యాలూ ఆత్మలూ నాకు పడవు. భయమని కాదు, విసుగు. అమెరికాలో మేముండే బాయిసీలో, మా తెలుగు స్నేహితుల ఇళ్లలో పాట్‌లక్ భోజనాలయ్యాక ఎవరో ఒకరు పెరుగన్నం కలుపుకుంటూ "మా పిన్నిగారి ఇంట్లో ఒకసారి ఏం జరిగిందంటే" అని మొదలుపెడతారు. నేను వెంటనే గిన్నెలు సర్దే నెపంతో వంటింట్లోకి వెళ్లిపోతాను. ఉద్యోగరీత్యా నేను టెస్ట్ ఇంజినీర్‌ని, చిప్‌లు పరీక్షించడం నా పని. అన్ని మీటర్లూ ఒక మాట చెబుతుంటే ఒకటి మాత్రం వేరే మాట చెబితే, ఆ మీటర్ పాడైందని పక్కన పెట్టేస్తాం. దానికేదో మహిమ ఉందని ఎవరూ దండం పెట్టరు.

అలాంటి దాన్ని ఇది రాస్తున్నానంటే నాకే కొంచెం మొహమాటంగా ఉంది. అయినా, జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడా ఉప్పూకారం కలపను.

2011 చలికాలం. నా భర్త రఘుకి స్నోమొబైల్ పిచ్చి పట్టింది. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో మోటార్ సైకిల్ లాంటి సీటు ఉండే బండి అది. విజయవాడ ఎండల్లో పెరిగిన మనిషి, ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడని మనిషి, ఆ సెకండ్ హ్యాండ్ బండిని గరాజ్‌లో పెట్టుకుని చంటిపిల్లాడిని తుడిచినట్టు తుడిచేవాడు. మొదట్లో చదును చేసిన దారుల్లో తిరిగాడు. తర్వాత అది చప్పగా అనిపించింది. దారులు లేని కొండల్లోకి వెళ్తానన్నాడు.

"అక్కడ మంచు చరియలు విరిగిపడతాయి. ముందు అవలాంచ్ క్లాస్ చెయ్యి, నేనూ వస్తాను. లేదంటే బండి అమ్మెయ్" అన్నాను. నేను చెప్పానంటే చెప్పినట్టే, అది అతనికి తెలుసు.

మాతో శ్రీకాంత్ కూడా చేరాడు. రఘు టీమ్‌లో పనిచేస్తాడు, కరీంనగర్ కుర్రాడు, అప్పటికి పెళ్లి కాలేదు. వారంలో సగం భోజనాలు మా ఇంట్లోనే. నన్ను వదినా అంటాడు, సొంత మరిదికన్నా ఎక్కువ ఏడిపిస్తాడు.

క్లాస్ చెప్పింది డెబ్ అనే ఆవిడ. యాభై దాటి ఉంటాయి. ఎండకీ మంచుకీ కమిలిన ముఖం, ఇంజిన్ల మీద అరిచి అరిచి మొరటుబారిన గొంతు. ఆవిడ నాకు మొదటి రోజే నచ్చింది, సాహసాల కబుర్లు ఒక్కటీ చెప్పలేదు కాబట్టి. పార, ప్రోబ్ బండి మీద కాదు, మీ వీపు మీద ఉండాలి అంది. ప్రోబ్ అంటే మడత పెట్టుకునే పొడుగాటి సన్నటి కడ్డీ. మంచులో గుచ్చి కింద మనిషి ఉన్నాడో లేదో చూస్తారు.

ముఖ్యమైనది బీకన్. అరచేతిలో పట్టేంత పెట్టె. జాకెట్ లోపల, ఛాతీకి పట్టీలతో కట్టుకోవాలి. అది ఎప్పుడూ సిగ్నల్ పంపుతూ ఉంటుంది. ఎవరైనా మంచు కింద పడితే మిగతావాళ్లు తమ బీకన్లను వెతికే మోడ్‌లోకి మార్చాలి. అప్పుడు తెర మీద ఒక బాణం, ఒక అంకె కనిపిస్తాయి. బాణం దిక్కు చూపిస్తుంది, అంకె దూరం, మీటర్లలో. అంకె తగ్గుతుంటే దగ్గరవుతున్నట్టు. "కార్ దగ్గర ఆన్ చెయ్యండి, తిరిగి కార్ దగ్గరికి వచ్చాకే ఆఫ్ చెయ్యండి" అని డెబ్ ఆ రోజు ఎన్నిసార్లు చెప్పిందో.

ఒక్క రూల్ మాత్రం మా ముగ్గురికీ మింగుడుపడలేదు. వాలు మీద ఒక్కొక్కరే వెళ్లాలి. ఎవరి బండైనా మంచులో ఇరుక్కుంటే రెండోవాళ్లు సాయానికి వెళ్లకూడదు. అతని తంటాలు అతన్నే పడనివ్వాలి, మిగతావాళ్లు దూరంగా ఉండి కనిపెట్టుకుని చూడాలి.

రఘు చెయ్యెత్తాడు. మా ఊళ్లో ఆటో గుంటలో దిగబడితే దారిన పోయేవాళ్లు కూడా ఆగి తోస్తారు, స్నేహితుడు ఇరుక్కుంటే చూస్తూ కూర్చోవడం ఏం న్యాయం అని వాదించాడు. ఒకడి బరువుకి ఆగిన మంచు రెండోవాడి బరువుకి తెగొచ్చు అని డెబ్ ఓపిగ్గా చెప్పింది. శ్రీకాంత్ నా వైపు వంగి, "వదినా, ఆమె ఎంత జెప్పినా అన్న ఆగుతడా?" అన్నాడు. నవ్వుకున్నాం.

కొన్ని వారాల తర్వాత ముగ్గురం బయల్దేరాం. బాయిసీకి ఉత్తరంగా కొండల్లోకి. పొద్దున్నే అవలాంచ్ బులెటిన్ చదివాం, ప్రమాదం మధ్యస్థం అని ఉంది. పార్కింగ్ దగ్గర నేను నా బీకన్‌ని వెతికే మోడ్‌లో పెట్టి నిలబడితే, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు నా ముందు నుంచి బండి నడిపారు. రెండుసార్లూ నా బీకన్ మోగింది. నా చెవులతో విన్నాను.

మధ్యాహ్నం చెట్ల మధ్య బండ్లు ఆపి, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఆకాశం నీలంగా, గాలి లేకుండా, అమెరికా వచ్చాక నేను చూసిన రోజులన్నిటిలో అందమైన రోజు అది. తిన్నాక ఒక విశాలమైన వాలు దగ్గరికి చేరాం. కింద, చరియ విరిగిపడినా మంచు చేరని చోట, నేనూ రఘూ ఆగాం. ముందు శ్రీకాంత్ ఎక్కాడు.

సగం పైగా వెళ్లాక అతని బండి కూరుకుపోయింది. దిగి పారతో తవ్వడం మొదలుపెట్టాడు. రఘు ఒకటి రెండు సార్లు నా వైపు చూశాడు. నాకు అర్థమైపోయింది.

"రఘూ, వద్దు. క్లాస్‌లో ఏం చెప్పారు?"

"వాడొక్కడే అక్కడ చస్తుంటే ఇక్కడ కూర్చుని చూడమంటావా? వాడి బండి ముందుభాగం ఇటు తిప్పి వచ్చేస్తా" అని ఇంజిన్ స్టార్ట్ చేసి వాలు ఎక్కాడు.

అతను శ్రీకాంత్‌ని ఇంకా చేరనేలేదు. పెద్ద శబ్దమేమీ రాలేదు. బియ్యం బస్తా నేల మీద పడేసినట్టు ఒక మొద్దు చప్పుడు. శ్రీకాంత్‌కి కాస్త కిందుగా వాలు అడ్డంగా చీలింది. దాని దిగువన ఉన్నదంతా కదిలింది, రఘుతో సహా. చిట్టచివర అతని నీలం జాకెట్ కొస విరిగిన ఒక ఎండుచెట్టు పక్కన కనిపించింది. తర్వాత కనిపించలేదు. మంచు ఆగింది. అంత నిశ్శబ్దం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

అతని పేరు పెట్టి అరిచాను. ఇంటికి ఒక్కదాన్నే తిరిగి వెళ్లడం, గరాజ్ తలుపు తియ్యడం, అదంతా ఒక్క క్షణంలో కళ్ల ముందు కదిలింది. వెంటనే డెబ్ గొంతు గుర్తొచ్చి, బీకన్ తీసి వెతికే మోడ్‌లోకి మార్చాను. శ్రీకాంత్ పై నుంచి జారుతూ పడుతూ వచ్చాడు. అతని బీకన్ కూడా మార్పించి, తెర నేనే చూశాను.

రఘు బండి బాగా కింద, తలకిందులుగా కనిపిస్తోంది. మనిషి చివరిసారి కనిపించిన చోటు నుంచి బండి దాకా గీత గీసినట్టు వెతకాలి, చాలాసార్లు ఆ గీత మీదే దొరుకుతారు అని క్లాస్‌లో చెప్పారు. ఎండుచెట్టు దగ్గర మొదలుపెట్టి ఇద్దరం దిగుతున్నాం. రెండు తెరల మీదా ఏమీ లేదు.

ఉన్నట్టుండి నా దానిలో ముప్పై ఎనిమిది కనిపించింది. బాణం ఎడమ వైపు తిరిగింది. బండి వైపు కాదు, అడ్డంగా, చెట్ల గుంపు వైపు.

శ్రీకాంత్‌ని పిలిచాను. అతను వచ్చి తన బీకన్‌ని నా దాని పక్కనే పెట్టాడు. అతని తెర ఖాళీ.

"వదినా, నాదాంట్ల ఏం వస్తలేదు. బండి గా కింద ఉన్నది, అన్న గక్కడనే ఉంటడు. టైం పోతున్నది, రా వదినా!" అంటూ ఏడుస్తున్నాడు.

అతను చెప్పింది సబబే. ల్యాబ్‌లో అయితే నేనూ అదే చెప్పేదాన్ని. రెండు పరికరాలు ఒకదానితో ఒకటి కలవనప్పుడు, మిగతా ఆధారాలు ఎటు మొగ్గితే అటు పోవాలి. తప్పు వైపు వెళ్తే రఘు కింద ఊపిరాడక పోతాడు, అంతే. అయినా నా కాళ్లు ఎడమవైపే తిరిగాయి. ఎందుకో చెప్పలేను. శ్రీకాంత్‌ని బండి దగ్గరికి వెళ్లి వెతకమన్నాను.

అంకె తగ్గుతూ వచ్చింది. గెంతుల్లేకుండా, ఒద్దికగా, నడిచిన కొద్దీ. చెట్ల మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని, బీకన్‌ని మంచుకి ఆనించి అటూ ఇటూ కదిపి, అంకె అన్నిటికంటే తక్కువున్న చోట ప్రోబ్ గుచ్చాను. మొదటిసారి ఖాళీ. రెండోసారీ ఖాళీ. ఆ తర్వాత మెత్తగా ఏదో తగిలి ఆగింది. నేల అలా తగలదు.

నా కేకకి శ్రీకాంత్ ఆ ఎత్తంతా పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇద్దరం తవ్వాం. నా నడుము లోతులో నీలం జాకెట్ భుజం కనిపించింది. తల తిప్పి నోట్లో మంచు తీశాను. పెదవులు నల్లబడి ఉన్నాయి, ఊపిరి లేదు. నోట్లో నోరు పెట్టి ఊదాను. మళ్లీ ఊదాను. దగ్గాడు.

కళ్లు తెరిచి అతను అన్న మొదటి మాట, "బండి?"

"నీ బండిని తగలెయ్య" అని అతని మెడ మీద పడి ఏడ్చాను. శ్రీకాంత్ మంచులో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత సంతోషం నాకు పెళ్లిరోజున కూడా లేదు.

దెబ్బలెక్కడ తగిలాయో చూద్దామని జాకెట్ జిప్ తీశాం. ఛాతీ మీద బీకన్ పట్టీలతో భద్రంగా ఉంది. కానీ మిణుకుమిణుకుమనాల్సిన ఎర్ర లైట్ లేదు.

"అన్నా, దీని లైటేదే?" అన్నాడు శ్రీకాంత్.

స్విచ్ ఆఫ్‌లో ఉంది.

రఘు వణుకుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "తినేటప్పుడు ఆపేశా. ఊరికే కూర్చున్నాం కదా, బ్యాటరీ దండగని. మళ్లీ వెయ్యడం మర్చిపోయా."

మా ఇంట్లో అతను గది దాటితే ఫ్యాన్ ఆపుతాడు, టోస్టర్ ప్లగ్ పీకుతాడు, గీజర్ కట్టేశావా అని దారి మధ్యలో అడుగుతాడు. మన ఇళ్లలో అందరం అలాగే పెరిగాం. కాబట్టి అతను చెప్పింది నేను వెంటనే నమ్మాను.

అప్పుడు నా బీకన్ గుర్తొచ్చింది. తవ్వేటప్పుడు పక్కన పడేశాను. ఇంకా వెతికే మోడ్‌లోనే ఉంది. రఘు ఛాతీకి చెయ్యి చాపితే అందేంత దూరం. తెర మీద ఏ అంకె లేదు.

మా కేకలు విని వేరే గుంపు వాళ్లు వచ్చారు. రఘుని రోడ్డు దాకా చేర్చి ఆస్పత్రికి పంపారు. కాలర్ బోన్ విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. అంతే.

తర్వాత నేను చేసింది నాకు తెలిసిన పనే. కారణం వెతికాను. డెబ్‌ని ఇంటికి పిలిచి, మూడు బీకన్లూ టేబుల్ మీద పెట్టి, అన్నీ మళ్లీ మళ్లీ పరీక్షించాను. శ్రీకాంత్ బీకన్ నుంచి సిగ్నల్ వచ్చిందా? అది వెతికే మోడ్‌లో ఉంది, పైగా నాతో పాటే ఉంది. బండి ఇంజిన్ వల్లనా? ఇంజిన్ ఆగిపోయింది, అదీ కింద ఎక్కడో ఉంది. సెల్‌ఫోన్? రఘు ఫోన్ పొద్దున కార్‌లోనే వదిలేశాడు. అలాంటి వాటివల్ల అంకెలు పిచ్చిగా గెంతుతాయే తప్ప, వేలు పట్టుకుని నడిపించినట్టు మనిషి దగ్గరికి తీసుకెళ్లవు అంది డెబ్. దొర్లుతున్నప్పుడు స్విచ్ దానంతట అదే ఆన్ అయిందా అంటే, అది నొక్కి పట్టి తిప్పితే గానీ తిరగదు. ఒకవేళ తిరిగినా, మళ్లీ ఆఫ్‌లోకి ఎలా వచ్చింది?

నా బీకన్‌నీ రఘు బీకన్‌నీ తయారుచేసిన కంపెనీకి పంపాం. రెండింటిలోనూ ఏ లోపం లేదని చెప్పారు. ఆఫ్ అంటే ఆఫే అన్నారు.

ఫోన్‌లో విని మా అత్తగారు ఆంజనేయస్వామే కాపాడాడన్నారు. ఆ సంగతి ఎత్తితే శ్రీకాంత్ ఇప్పటికీ మాట మారుస్తాడు. డెబ్ మాత్రం మా ఇంటికొచ్చిన రోజు టేబుల్ మీది పెట్టెలు పక్కకి జరిపి, "నాకు తెలియదు. నీ భర్త పక్క గదిలో నిద్రపోతున్నాడు, ఆ సంగతి నాకు తెలుసు" అంది. వెళ్తూ వెళ్తూ, వచ్చే ఏడాది నుంచి క్లాస్‌లో బీకన్ పాఠం నన్నే చెప్పమంది.

చెబుతున్నాను. ప్రతి చలికాలం కొత్త ముఖాలు వస్తాయి. మనవాళ్లు కూడా పెరిగారు, వాళ్లకి ఇరుక్కున్న స్నేహితుడి రూల్ చెప్పేటప్పుడు గొంతు పెంచుతాను. ఏటా ఎవరో ఒకరు చెయ్యెత్తి అడుగుతారు, బీకన్ ఆఫ్‌లో ఉంటే ఏమవుతుందని.

"దొరకరు" అంటాను. "ఎవ్వరికీ దొరకరు. ఆ ఆశ పెట్టుకోకండి."

అది నిజం. ఇంజినీర్‌గా నాకు తెలిసిన నిజం అదొక్కటే. ఆ మాట అంటున్నప్పుడు చివరి వరసలో కూర్చుని ఉన్న రఘు వైపు మాత్రం చూడను. చూస్తే ఆ మాట నాకే అబద్ధంలా వినిపిస్తుంది.