మాల లేని స్వామి

భూపాలపల్లి బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె, తన భర్తతో "స్వామీ, నీళ్లు తాగు" అంది. అతని మెడలో మాల లేదు, ఒంటిమీద మామూలు గళ్ల చొక్కా. నా చూపు కనిపెట్టి ఆమె గొంతు తగ్గించింది.

"అయ్యప్ప మాలల ఉన్నన్ని దినాలు చుక్క ముట్టడక్కా. తీసినంక మళ్ల షురూ. ఇప్పుడు సర్కారు దవాఖానల తాగుడు మాన్పిచ్చిన్రు. గోళీలైతే ఇచ్చిన్రు గని, మాల వెయ్యరు గద! గందుకే నేనే స్వామీ అని పిలుస్తున్న."

నవ్వాలో జాలిపడాలో తోచలేదు.

దారిలో బస్సు వైన్ షాపు ముందు ఆగింది. అతను లేచి నిలబడ్డాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"స్వామీ!" అన్నాను, నాకే తెలియకుండా.

అతను తిరిగి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నన్నేనా?" అని అడిగాడు, మాల లేని మెడ తడుముకుంటూ.