మెర్సీ వండిన అన్నం

మెర్సీ పప్పుచారుకు వంక పెట్టడం కష్టం. అయినా ఆ కొల్లేటి ఊరి బడిలో దాన్ని రుచి చూడకుండానే వంక పెట్టేశారు.

అంతకుముందు బడిలో వండే వీరదుర్గ మోకాళ్ల నొప్పులతో మానేస్తే, ఆ పని దళితపేటలో ఉండే మెర్సీకి వచ్చింది. పొయ్యి అదే, బియ్యం అవే, గుడ్లూ అవే. వారం తిరిగేసరికి ఊళ్లో పిల్లల సంచుల్లోకి బాక్సులు వచ్చాయి. "మా వాడికి బడి అన్నం అరగట్లేదండీ" అన్నారు తల్లులు, మహా మర్యాదగా. వీరదుర్గ వండినప్పుడు మారు వడ్డించుకున్న కడుపులే అవి! బాక్సుల వాళ్లు వరండాలో, పళ్లేల వాళ్లు కింద రేకుల షెడ్డులో కూర్చోవడం మొదలైంది. మెర్సీ కూతురు గ్రేస్‌ను షెడ్డులో వదిలేసి, దాని ప్రాణస్నేహితురాలు హర్షిత కూడా వరండా ఎక్కేసింది.

నవంబరులో అంతర్జాతీయ సహన దినోత్సవం జరిపారు. ఏలూరు నుంచి గోపీనాథ్ గారని ఒక వక్త వచ్చారు. పుట్టుకను బట్టి ఎవరినీ వేరుగా చూడబోమని ప్రపంచ దేశాలు మాటిచ్చాయనీ, ఆ ఒప్పందాల మీద మన దేశమూ సంతకం పెట్టిందనీ చక్కగా చెప్పారు. పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించారు. వంటగది గుమ్మంలో నిలబడి విన్న మెర్సీకి ప్రాణం లేచివచ్చింది. ఎక్కడో దూరాన, తనలాంటి వాళ్ల గురించి ఇంతమంది మాట్లాడుకున్నారా అనుకుంది. పళ్లెంలో అన్నం పెట్టుకుని ఆయనకు ఎదురెళ్లింది.

"ఒక్క ముద్ద తినండయ్యా. మీరు తింటే చూసి పిల్లలూ తింటారండీ."

"ఈవేళ నాకు ఉపవాసం అమ్మా" అన్నారాయన మెత్తగా.

పాపం, మెర్సీ నమ్మింది కూడా. కాసేపటికి స్టాఫ్ రూములో ఆయన ముందు కైకలూరు నుంచి తెప్పించిన బిర్యానీ పొట్లం విప్పారు. కిటికీలోంచి పిల్లలంతా చూశారు, మెర్సీ కూడా చూసింది. తిట్టినా ఆమెకు అంత బాధ ఉండేది కాదు.

సాయంత్రం ఇంటికి నడుస్తూ గ్రేస్ అడిగింది.

"అమ్మా, రేపట్నుంచి నాకూ బాక్సు కట్టవా?"

"బళ్లో వండేదీ నేనేగా తల్లీ?"

"బాక్సుంటే హర్షిత పక్కన కూర్చోవచ్చు కదే."

మర్నాడు తెల్లారగానే మెర్సీ వండి, కూతురికి బాక్సు కట్టి ఇచ్చింది.

మధ్యాహ్నం షెడ్డులో వడ్డిస్తూ వరండా వైపే చూసింది. గ్రేస్ వెళ్లి హర్షిత పక్కన కూర్చుని మూత తీసింది. హర్షిత తన బాక్సు తీసుకుని లేచి, అవతలి చివరకు వెళ్లి కూర్చుంది. గ్రేస్ నెమ్మదిగా మూత పెట్టేసింది.