ఎదురుగా కూర్చుని నేర్చుకున్న చదువు

నా చిన్నప్పుడు చదువు నాకు చింతపండు చాట మీదుగా వచ్చింది. ఇబ్రహీంపట్నంలో మా పక్కింటి అక్క సాయంత్రాలు గడపలో కూర్చుని, అక్షరాల కింద వేలు జరుపుతూ పాఠం పైకి చదివేది. నేను చాట ముందు పెట్టుకుని, ఆమెకు ఎదురుగా కూర్చుని చింతగింజలు తీసేదాన్ని. చేతులు పనిలో, కళ్లు పుస్తకంలో. బడి ముఖం చూడకుండానే చదవడం వచ్చేసిందని నాకు మహా గర్వం.

అక్క పోరు పడలేక మా బాపు ఒకరోజు చెరువులో వల తీసి, అటునుంచి అటే నన్ను బడికి తీసుకుపోయాడు. నా ఈడు పిల్లలతో మూడో తరగతిలో కూర్చోబెడితేనే చదువు, లేదంటే రేపటి నుంచి అమ్మ వెంట చేపలమ్మడానికి పోవాల్సిందేనని దారిలోనే చెప్పేశాడు.

మూడో తరగతి పిల్లల ముందే పెద్దసారు పుస్తకం చేతికిచ్చి చదవమన్నారు. చూద్దును కదా, ఒక్క అక్షరం కూడా నాకు తెలిసినట్టు లేదు! గబుక్కున పుస్తకాన్ని తలకిందులుగా తిప్పాను. నోరు తెరిచేలోపే తరగతంతా గొల్లుమంది. బాపు సిగ్గుతో పుస్తకం లాక్కుని సారుకిచ్చేశాడు.

"పుస్తకం పట్టుడే రాదు, దీనికేం చదువొస్తది సారూ! పా బిడ్డా, పోదాం."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సారు మాత్రం నవ్వలేదు.

"జర ఆగు. ఏడ కూసోని నేర్చుకున్నవ్ బిడ్డా?"

"అక్కకు ఎదురుంగ," అన్నాను వెక్కుతూ.

ఆయన కుర్చీ దిగి నేల మీద నా ఎదురుగా కూర్చున్నారు. నేనెన్నడూ చూడని పాఠం తీసి, పుస్తకం తన వైపే పెట్టుకుని, అక్షరాల కింద వేలు ఆనించారు. చదివాను. తడుముకుంటూనే అయినా పాఠం చివరిదాకా చదివాను. నవ్విన పిల్లలు లేచొచ్చి చుట్టూ మూగారు. చదువు రాని మా బాపు కూడా వంగి పుస్తకంలోకి తొంగి చూశాడు.

"అక్షరాలైతే వచ్చినయ్. తిప్పి చదువుడు నేను నేర్పుత. మూడో తరగతిల కూసోనీ," అన్నారు సారు.

తర్వాత నేనూ టీచరునయ్యాను, రిటైరూ అయ్యాను. పిల్లలకు చదవడం, రాయడం ఎంతవరకు వచ్చిందో చూడమని తుర్కయాంజాల్‌లో మా మనవరాలి బడివాళ్లు ఇప్పటికీ పిలుస్తారు. ఏ పిల్లో పుస్తకం పట్టుకుని బిక్కచచ్చిపోతే, రాదని రాసేయడానికి నాకు చెయ్యాడదు. మోకాళ్లు మొరాయిస్తున్నా కుర్చీ దిగి ఆ పిల్ల ఎదురుగా కూర్చుంటాను. "ఏడ కూసోని నేర్చుకున్నవ్ బిడ్డా?" అని అడుగుతాను.